గోడ మీది వంతెన

ఎన్నికల వ్యూహకర్త విద్యాసాగర్ చిట్యాల దగ్గరి ఓ పల్లెలో కారు దిగి సత్తెమ్మ ఇంటి గోడ చూశాడు. “గెలిస్తే ఏడాదిలో వాగుపై వంతెన” అని ఉంది. రాసి ఐదేళ్లయింది. పక్కనే అధికార పార్టీ గుర్తు.

“పచ్చి అబద్ధం. సున్నం కొట్టు,” అని పెయింటర్‌కు చెప్పాడు. ఇప్పుడాయన పనిచేస్తున్నది ప్రతిపక్షానికి.

అప్పుడే వాగు దాటి వచ్చిన సత్తెమ్మ చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఆయన్ని చూసి ఆగింది.

“పోయినసారి గిది రాయించింది గూడ మీరే కద సారూ?”

విద్యాసాగర్ గొంతు సవరించుకున్నాడు. “ఈసారి మావోళ్లు తప్పక కడతరమ్మా. అదే రాయిస్తున్న.”

“మరి సున్నం దేనికి? గుర్తొక్కటి మార్చుకోండ్రి. అక్షరాలు ఉండనియ్యండ్రి, వచ్చేసారి గూడ మీకే పనికొస్తయి.”