గేదె సీసా

పెద్ద ఆనకట్ట అడ్డం పడకముందు, నైలు ఆఖరుసారి పొంగిన ఏడాది అది.

వరద నీరు తీస్తుండగా ఊళ్ళోకి ఒక కోటాయన వచ్చాడు. కోటు వేసినవాడెవడైనా ఆ ఊరికి ఎఫెందీయే, అంటే దొరగారే. చంకలో పెట్టె, పెట్టెనిండా ఖాళీ సీసాలు.

టీకొట్టు ముందు కూర్చుని అన్నాడు: "ప్రతి మగాడూ ఒక సీసాలో ఉచ్చ పోసివ్వాలి. ఎర్రగా పడుతోందేమో చూడాలి."

కొట్టంతా నవ్వింది.

"ఎర్రగా పడని మగాడెవడయ్యా ఇక్కడ?" అన్నాడు కొట్టు బయూమి. "పన్నెండో ఏట నాకు పడితే, కొడుకు మగాడయ్యాడని మా అమ్మ ఇంటింటికీ షర్బత్ పంచింది."

కుర్ర రైతు షెహాతా అతన్ని పక్కకి లాగాడు.

"నోరు ముయ్ బాబాయ్! యెమెన్ యుద్ధానికి మనుషులు చాలట్లేదు. మగాళ్ళెవరో ఏరుతున్నాడు వీడు."

"నిజమేరా! గంటలో నాలుగుసార్లు గోడ వెనక్కి పోయొచ్చాడు. ఇళ్ళు లెక్కేస్తున్నాడు కాబోలు."

షెహాతా తన సీసాలో గేదెది పట్టిచ్చాడు. బయూమి కూడా అదే గేదెది పట్టాడు.

ఎఫెందీ పెట్టెలోంచి భూతద్దాల గొట్టం తీసి కన్ను పెట్టాడు.

"షెహాతా, నువ్వు గడ్డి బాగా మేస్తున్నావు."

మళ్ళీ నవ్వులు. ఆయన జేబులోంచి గాజుముక్క ఒకటి తీసి గొట్టం కింద పెట్టాడు.

"ఇది చూడు."

"ఏవో గింజలు. కుప్పలు కుప్పలు."

"ఒంట్లో కణాలు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. గాయం పూడగానే ఆగాలి. కాలవలో దిగితే పురుగు ఒంట్లో దూరుతుంది. దాని గుడ్లు లోపల రోజూ గీరుతుంటే, పూడ్చి పూడ్చి కణాలు ఆగడం మర్చిపోతాయి. ఇవి మర్చిపోయినవి."

"ఎవరివి?"

"నీలాంటోడివే. వాళ్ళమ్మా షర్బత్ పంచింది."

"బతికే ఉన్నాడా?"

"ఇవాళ్టికి."

"బెదిరించి లాక్కుపోదామనా?"

షెహాతా పెట్టెలో సీసాలు కాలవలోకి విసిరేశాడు. ఎఫెందీ కోప్పడలేదు. మిగిలిన ఒక్క సీసా షెహాతా గడప మీద పెట్టాడు.

"ఇది నీకు. గేదెకి కాదు."

గోధుమ కోతలనాటికి షెహాతా కూడా గంటకు నాలుగుసార్లు గోడ వెనక్కి పోతున్నాడు. ఒక సాయంత్రం నెత్తురు గడ్డ పడింది.

మర్నాడు పొద్దున్నే ఆ సీసా నింపుకుని తాంతా పట్నం ఆసుపత్రికి పోయాడు.

"సీసాల పెట్టె డాక్టరుగారు కావాలమ్మా."

నర్సు సీసా అందుకుంది. వెలుగుకెత్తి చూసింది.

"సీసాల మన్సీ గురించా? అతను డాక్టరెక్కడ! మీ కాలవ అవతలి ఊరి రైతు. ఈ పదమూడో మంచం రోగే. కోటు డాక్టరుగారి పాతది. గొట్టంలో చూడ్డం ఇక్కడే నేర్చుకున్నాడు."

మంచం ఖాళీగా ఉంది.

"పడుకో" అంది నర్సు.

షెహాతా అంచున కూర్చున్నాడు.

"అమ్మా, ఆయన చూపించిన గాజుముక్క... అది ఎవరిది?"

"అతనిదే" అంది నర్సు, దిండు గలేబు మారుస్తూ.