చెడ్డ రోజు సంగతి

“మోకాలు ఎలా ఉంది?” అని అడిగింది భార్య, ముక్కు మీదికి జారిన ఆయన కళ్లద్దాల పైనుంచి చూస్తూ.

“అలా కాదు. డాక్టర్లు అంత మెత్తగా అడగరు. కాస్త విసుక్కుంటూ అడుగు.”

“విసుక్కోవడం నాకు రాదండీ.”

“ముప్ఫై రెండేళ్ల కాపురంలో ఈ ముక్క ఇవాళే వింటున్నాను.”

ఆమె నవ్వాపుకుని ముఖం గంటు పెట్టుకుంది. భోజనాల బల్లను ముందుగదిలోకి లాగి, అటొక కుర్చీ ఇటొక కుర్చీ వేసుకున్నారు. బల్ల మీద ఎక్స్‌రే కవరూ, దాని పక్కన ఉత్తరమూ ఉన్నాయి. మాజీ సైనికుల అంగవైకల్య పింఛను కోసం వైద్య పరీక్ష, ఎల్లుండి ఉదయం పది గంటలకు.

పోయిన ఏడాదీ ఇలాంటి ఉత్తరమే వచ్చింది. ఆ పరీక్షలో డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకూ “బాగానే ఉంది సార్” అన్నదే జవాబయింది. సైన్యంలో పడిన అలవాటది. పై అధికారి అడిగితే నోటికి వేరే మాట రాదు. “లోపమేమీ కనబడలేదు” అని రాసి దరఖాస్తు తిప్పి పంపారు. అప్పీలు ఒక్కసారే. ఇదీ పోతే సైనిక ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్ ఉండదు. ఆపరేషన్ జరక్కపోతే రెండేళ్లలో నడక పోతుందని వీధి చివరి డాక్టరు ముందే చెప్పాడు.

“మళ్లీ మొదట్నుంచి,” అంటూ ఆయన గుమ్మం దాకా వెళ్లి, అక్కణ్నుంచి కుంటుకుంటూ వచ్చి, బల్ల అంచు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

“మరీ అంత కుంటక్కర్లేదు. నాటకం అనుకుంటారు.”

“సరిగ్గా ఇంతే. ఎవరి నడక వాళ్లకి కనపడదు. ఊఁ, అడుగు.”

“మెట్లెక్కగలరా?”

“ఎక్కడం పరవాలేదు సార్. దిగడమే కష్టం. పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ పెట్టి దిగుతాను. కింద చెంచా పడితే తీయడానికి ఏదో ఒకటి పట్టుకోవాలి. పక్కన మనుషులుంటే తీయను, చూడనట్టు వదిలేస్తాను. వాన ముసురు పట్టిందంటే తెల్లారేసరికి మోకాలు కొబ్బరికాయంత అవుతుంది. ఆ రోజు ఎవరడిగినా, పని లేదు కాబట్టి కూర్చున్నానని చెప్తాను.”

ఆమె చేతిలోని పెన్ను ఆగిపోయింది.

“ఇన్నీ మనసులో పెట్టుకుని, ఒక్కరోజైనా నోరు విప్పలేదేం?”

“చెబితే నువ్వు బాధపడతావని.”

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఇవన్నీ పరాయివాళ్ల ముందు చెప్పుకోవాలా? డ్యూటీలో ఆ లారీ బోల్తా పడినప్పుడు లోపల ముగ్గురున్నారు. ఇద్దరు తిరిగి రానేలేదు. దేవుడి దయవల్ల ఒక ప్రాణం నిలిచింది. వాళ్లనలా మట్టికిచ్చి, ఈ మోకాలొకటి పట్టుకుని అది కావాలి, ఇది కావాలి అని అడగడానికి నోరెలా వస్తుంది?”

“వాళ్లు రాలేదని ఈ కాలు నొప్పెట్టడం మానేసిందా?”

“అది కాదండీ...”

“రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకున్నాక గోడ పట్టుకుని లేవడం దేవుడు చూస్తూనే ఉన్నాడు కదా. ఆయనకి తెలిసిన సంగతి డాక్టరుకి తెలిస్తే తప్పేముంది చెప్పు?”

“దేవుడికి మనం చెప్పక్కర్లేదు.”

“డాక్టరుకి చెప్పాలి. అదే తేడా. మంచి రోజు సంగతి కాదు, చెడ్డ రోజు సంగతి చెప్పాలి. కళ్లద్దాలు పెట్టుకో, ఇంకోసారి.”

ఆ రెండు రోజుల్లో అలా పదిసార్లు కూర్చున్నారు. పదోసారి కూరగాయలు తెచ్చిన పక్కింటావిడ కిటికీలోంచి చూసి, “ఎవరికమ్మా ఒంట్లో బాగాలేదు?” అని కంగారుపడింది. “ఇద్దరికీ బుర్ర బాగాలేదు వదినా,” అని నవ్వేసింది భార్య.

పరీక్ష రోజున లిఫ్టులోనే వెళ్లారు. పోయినసారి మూడంతస్తులూ మెట్ల మీదుగా ఠీవిగా ఎక్కిన సంగతి ఇద్దరికీ గుర్తుంది. వరండాలో బెంచీ మీద గంటన్నర కూర్చున్నాక అటెండరు ఫైలుతో వచ్చాడు.

“ఇద్దరూ లోపలికి రావచ్చు. తోడొచ్చినవాళ్లు మాత్రం మాట్లాడకూడదు. మాట్లాడితే బయటికి పంపేస్తారు, డాక్టరుగారు అసలే చిరాగ్గా ఉన్నారు.”

లోపల రెండు కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి. డాక్టరు తలెత్తకుండానే ఫైలు తిరగేస్తున్నాడు. ఒక కుర్చీలో ఆయన రెండు చేతులూ ఒళ్లో బిగించి పెట్టుకున్నాడు. ఆమె ఎదుటి గోడకేసి చూస్తూ నిటారుగా కూర్చుంది.

“మోకాలు ఎలా ఉంది?”

డాక్టరు పెన్ను మూత తీశాడు.

మెట్లూ, చెంచా, ముసురు పట్టిన రోజులూ అన్నీ ఆయన నాలుక చివరిదాకా వచ్చాయి. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

“అడిగింది మిమ్మల్నే. మీరు చెప్పకపోతే నేనేం రాసుకోను?” డాక్టరు పెన్ను మూత పెట్టబోయాడు. “బాగానే ఉందని రాసెయ్యమంటారా?”

దేవుడా, ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట పలికించు అనుకున్నాడాయన, కళ్లు మూసుకుని.

“మనవరాలిని ఎత్తుకుని నిలబడలేకపోతున్నాను సార్,” అంది మాజీ సైనికురాలైన ఆయన భార్య.