దెబ్బ తగలనివాడు

కోరుట్ల దగ్గర చెలకలో పోలీసులకు గాయాల చికిత్స నేర్పుతున్నారు. గాయపడినవాడిగా కానిస్టేబుల్ రాజలింగాన్ని చొక్కా విప్పించి, ఒట్టి బనీనుతో పడుకోబెట్టి, ఎర్రరంగు పూసి, రెండు కాళ్లకూ బద్దలు కట్టేశారు.

అంతలో ఢాంఢామని చప్పుళ్లు వినిపించాయి. నక్సలైట్ అన్నలొచ్చారనుకుని అందరూ పరుగెత్తారు. అవి పక్కఊరి పెండ్లి పటాకులు.

కదల్లేక పడివున్న రాజలింగాన్ని మక్కచేనులోంచి వచ్చిన మల్లవ్వ చూసింది. అయ్యో అంటూ ఈడ్చుకెళ్లి తన ఎడ్లబండిలో వేసుకుంది.

"అవ్వా, నాకు దెబ్బ తాకలే. గిది ఉత్త రంగు. ట్రైనింగు కోసం పూసిన్రు!"

"పానం మీదికొస్తె గిట్లనే ఏదేదో మాట్లాడుతరు. సప్పుడు జెయ్యకు కొడుకా."

బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంటే అతని తలకు నిజంగానే బొప్పి కట్టింది.

"నేను పోలీసోన్నో, అన్నలల్ల ఉన్నోన్నో సుత అడగవా?"

మల్లవ్వ ఎడ్లను అదిలించింది. "నా కొడుకు తూటా తాకి పడ్డనాడు అందరు గదే అడుక్కుంట నిలబడ్డరు. నెత్తురంత పోయింది."

రాజలింగం బద్దలు కట్టిన కాళ్లు చాపుకుని వెనక్కి వాలాడు.

ఆసుపత్రి ముందు బండి ఆగగానే కాంపౌండరు పరుగెత్తుకొచ్చాడు. మల్లవ్వ వింటుండగా రాజలింగం మూలుగుతూ అన్నాడు:

"గీ అవ్వ తేకుంటె సచ్చిపోయేటోన్ని సారూ."