ఎక్కితే చెల్లదు

వాననీళ్ళు తనిఖీ అధికారి హైమావతి మోకాళ్ళు దాటాయి. ఫ్యాక్టరీ విషపు చెరువు గట్టు బీటలిచ్చిందనీ, దిగువనున్న వాడను వెంటనే ఖాళీ చేయించాలనీ ఆవిడ ఇప్పుడే రిపోర్టు పంపింది. సర్కారు బండి ఇక రాలేనంది. ఫ్యాక్టరీ ట్రాక్టరు మాత్రం వచ్చి పక్కనే ఆగింది.

ఎక్కబోతుంటే, లంచాలు పట్టకుండా ప్రభుత్వోద్యోగులందరికీ తొడిగే మాట్లాడే కడియం ఆవిడ చేతిమీద తీయగా పలికింది. "ఇది బయటివారి ఖర్చుతో ప్రయాణం. ఎక్కితే మీ రిపోర్టు రద్దవుతుంది."

"ప్రాణం పోతున్నా?"

"మినహాయింపు పరిశీలనలో ఉంది."

నీళ్ళు నడుముకొచ్చాయి. ట్రాక్టరు కమ్మీ పట్టుకుంది. డ్రైవరు గవర్రాజు చెయ్యి అందించలేదు.

"మిమ్మల్ని ఎలాగైనా ఎక్కించుకు రమ్మన్నారు మా ఫ్యాక్టరీవాళ్ళు, మేడమ్," అన్నాడు ఏడుపు ఆపుకుంటూ. "దండం పెడతాను, ఎక్కకండి. మా పిల్లలు ఆ వాడలోనే ఉన్నారు."