బుద్ధి లేని కంట్రోలర్

ఎండ ముదిరితే ఎలక్ట్రిక్ బండ్లన్నీ తమంతట తామే ఆగిపోయే రోజులవి. భీమిలి రోడ్డు మీద మసేనమ్మ చేపల బండి కూడా అలాగే ఆగింది.

"ఎండ ప్రమాదం. నీడకు వెళ్లండమ్మా" అని హ్యాండిల్ లోంచి మర్యాదగా ఓ గొంతు చెప్పింది. వెనక పెట్టెలో ఐసు కరుగుతోంది. అది కరిగితే చేపలు దక్కవు.

ఆమె బండిని మెకానిక్ ఎల్లాజీ కొట్టుదాకా తోసుకెళ్లింది. అతను మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్లు రెండు బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ బండిదప్పా. ఆలోసించి గానీ కరెంటు ఒదల్దు. ఇది పందేల బొమ్మ కారుది. దీనికి బుద్ధి నేదు, ఎంత తిప్పితే అంత ఇచ్చేస్తాది. కానీ నీ బరువుకి ఏడెక్కి, వీధి దాటకుండానే మాడిపోతాది."

"సల్లగా ఉంటే మాడదు గదా?"

"ఈ ఎండలో సల్లదనం ఎక్కడుంటాదప్పా?"

మసేనమ్మ చేపల పెట్టె మూత తీసింది.

"వైరు పొడుగ్గా ఎయ్యి."

ఎల్లాజీ నవ్వుతూనే బిగించాడు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బొమ్మ కారు కంట్రోలర్‌ను వంజరం చేపల మధ్య ఐసులోకి దూర్చి, ఆమె కొంగు నడుముకు బిగించి బండెక్కింది.

"నీడకు వెళ్లండమ్మా" అంది గొంతు.

"ఎల్తాను బాబూ, సేపలమ్మేసి ఎల్తాను" అంటూ హ్యాండిల్ మొత్తం తిప్పేసింది మసేనమ్మ.