ఎనిమిదో నంబరు

చెప్పుల జత అరుగు మీది నుంచి ఎగిరి వచ్చి బాలప్ప ముందు దుమ్ములో పడింది.

"మూడో జతరా ఇది," అన్నాడు గోవిందప్ప. "మూడూ కరిసినాయి. సూడు, మడమ ఎట్లా పొక్కిందో."

పుంగనూరు దగ్గరి ఆ పల్లెలో సగం భూమి గోవిందప్పది. ఆయన మడమ పొక్కితే అది ఊరి వ్యవహారమే. అందుకే పొద్దున్నే పదిమంది అరుగు చుట్టూ చేరారు. ఊరికంతా చెప్పులు కుట్టే బాలప్ప మాత్రం ఊరి బయటి వాడ నుంచి వచ్చి, దూరంగా ఎండలో నిలబడ్డాడు. అతని కాళ్ళకు ఏమీ లేవు. పట్టాళం నుంచి సెలవుకు వచ్చిన వాడ కుర్రాడొకడు బూట్లతో వీధిలో నడిచాడని, ఉగాది నాడు గోవిందప్ప ఆర్డరు వేశాడు. వాడలో ఎవరి కాలికైనా చెప్పు కనబడితే ఆ కాలు ఉండదు. వీధిలోనే కాదు, వాళ్ళ గుడిసెల్లో కూడా.

బాలప్ప వట్టి కాళ్ళు చూసి గోవిందప్ప కాస్త తృప్తిపడ్డాడు. అంతలోనే మడమ చురుక్కుమంది.

"కొలత తప్పినావురా నువ్వు."

"తప్పలేదు సామీ."

బాలప్ప తలగుడ్డలోంచి ఒక పుల్ల తీశాడు. గోవిందప్ప కాలిని అతను ఎన్నడూ ముట్టుకున్నది లేదు, ముట్టుకోనిచ్చేదీ లేదు. బండ మీద బూడిద చల్లితే ఆయన ఒక అడుగు వేసి పక్కకు తప్పుకుంటాడు. ఆ అచ్చు మీద పుల్ల పెట్టి తుంచుకోవాలి. అదే కొలత. ఆ పుల్లనే ఇప్పుడు చెప్పు మీద ఆనించి అందరికీ చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"పుల్లకి సరిపోతే సాలునా? నా కాలికి సరిపోవద్దా?" అన్నాడు గోవిందప్ప. అరుగు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వకపోతే బాగుండదు కదా.

గడపలో నిలబడిన ఆయన భార్య రెడ్డెమ్మ కలగజేసుకుంది. "పోయిన ఏటి జత వెన్నలో కాలు పెట్టినట్టుండాదని మీరే అంటిరి."

"అదే కదా నేనూ అడిగేది. పదేండ్లు బాగా కుట్టిన సెయ్యి ఇప్పుడేమాయె? మదనపల్లెకు పోయినా. బూట్ల అంగట్లో పలక మీద కాలు పెట్టించి, గీతలు సూసి, ఎనిమిదో నంబరన్నాడు. వాడిచ్చిన జతా కరిసె. వీడు ముందు కుట్టినట్టు ఎవుడూ కుట్టలేదు. వీడికే ఇప్పుడు పొగరెక్కింది." గోవిందప్ప బాలప్ప వైపు తిరిగాడు. "ఒకే మాట. కొలత తప్పిందని ఒప్పుకొని దండం పెట్టు, వదిలేస్తా. లేదంటే ఈ ఏటి నుంచి కళ్ళంలో నీ మేర గింజలు గంగవరంలో చెప్పులు కుట్టేవాడికి పోతాయి. గుడిసె కూడా వాడికే."

మేర గింజలంటే ఊరికి చెప్పులు కుట్టినందుకు పంటలో కొలిచిచ్చే వాటా, బాలప్ప ఇంటి ఏడాది తిండి. నిలబెట్టుకోవడానికి ఒక్క మాట, ఒక్క దండం చాలు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా, అనేసి పోరా, నీ సొమ్మేం పోయింది అన్నట్టు చూశారు. బాలప్పకు ఒళ్ళు మండింది. గింజలు పోతే కూలికైనా పోవచ్చు. తన చేతి పని తప్పని తన నోటితోనే అన్నాక ఆ చెయ్యి ఉండి ఏం లాభం?

"దండం ఒకటి కాదు, పది పెడతా సామీ. కొలత తప్పిందని మాత్రం అనను."

గోవిందప్ప కిందికి దిగబోయాడు. మడమ నేలకానగానే మళ్ళీ కూర్చున్నాడు.

"మరి యాల కరుస్తాండాది? పాత జతలకి ఏం మాయ సేస్తివో అది బయట పెట్టు. గంగవరం వాడి సేత సేయించుకుంటా."

"అది ఈడ అనే మాట కాదు సామీ."

"ఈడే అనాల. అందరి ముందరా అనాల."

బాలప్ప ఒక్క క్షణం రెడ్డెమ్మ వైపు చూశాడు. పాపం, ఆ తల్లి వినకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆమె అక్కడే ఉంది.

"మీ నంబరు ఎంతంటిరి సామీ?"

"ఎనిమిది."

"మదనపల్లెలో పట్టాళానికి మనుషుల్ని తీసుకుంటాంటే నేనూ పోయినా. రొమ్ము కొలత సాలదని పంపేసినారు. అంతకు ముందే బూట్లకని కాలు కొలిసినారు. నాదీ ఎనిమిదే."

"నీ కాలు సంగతి నాకెందుకురా?"

బాలప్ప వంగి జత తీశాడు. దుమ్ము దులిపాడు. నిలబడిన చోటు వదిలి నాలుగు అడుగులు ముందుకు వచ్చి, ఆ జతను అరుగు అంచునే పెట్టాడు. అంత దగ్గరికి అతను ఏనాడూ వచ్చింది లేదు.

"తోలు మొండిది సామీ. ఎంత ఆముదం పట్టించినా మనిషి కాల్లో పదైదు దినాలు నలిగితే గానీ మెత్తబడదు. మీకిచ్చిన పాత జతలన్నీ ముందు నేను తొడిగి నడిసినవే. ఉగాది నుంచి మీరే కదా వద్దంటిరి."