గిటారు పొట్ట

"మళ్ళీ పొట్ట పెంచినాదన్నా నీ గిటారు," అన్నాడు నవాబు.

పరంధామయ్య స్టూలు మీద కూర్చుని మెడ తుడుచుకున్నాడు. బైరాగిపట్టెడ నుంచి పెట్టె మోసుకుంటూ నడిచి వచ్చాడు. ఇది వరసగా ఆరో గురువారం.

గాంధీ రోడ్డు వెనక సందులో నవాబు వాయిద్యాలు బాగుచేస్తాడు. గిటారు పైచెక్క మీద స్టీలు స్కేలు ఆనించాడు. స్కేలు అటూ ఇటూ ఊగింది.

"కొంచెం ఉబ్బితే భయం లేదన్నా. తీగలు లాగతా ఉంటాయి గదా, ఏ గిటారుకైనా ఆ మాత్రం ఉంటాది. ఇది అట్ల కాదు."

తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి కిందికి పోస్టుకార్డు అంచు తోశాడు. గోరంత లోపలికి పోయింది.

"సూడు, లేస్తా ఉండాది. చెక్క తేమ తాగతా ఉండాది. ఈ రోహిణి ఎండల్లో తేమ యాడిది?"

"మా గోడలు చెమ్మ నవాబూ."

"తిరపతంతా కాగిపోతా ఉంటే నీ ఇంట్లోనే చెమ్మా! వాన నీ దగ్గర కాపురం పెట్టినాదా ఏమి?"

పరంధామయ్య నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదలు.

నవాబు తీగలు వదులు చేసి గిటారును ఆరబెట్టాడు. సాయంత్రం దాకా పడుతుంది. నవాబు భార్య ఖమర్ జహాన్ లోపలి నుంచి టీ తెచ్చింది.

"పోయిన వారం మోకాలు నొప్పన్నారే, తగ్గిందా అన్నా?"

ఇంటి దగ్గర పరంధామయ్య ఒక్కడే. స్వామికి నైవేద్యం పెట్టి, అదే తనూ తింటాడు. ఆ తర్వాత ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. ఆ గిటారు కూడా తనది కాదు. పై గదిలో అద్దెకున్న సుకుమార్ శ్రీ సిటీలో తన ఉద్యోగానికి దగ్గరగా ఇల్లు మారుతూ, "మీరే ఉంచుకోండి" అని వదిలేసి పోయాడు.

"వాయించేది రాదు గదా నీకు. ఎందుకన్నా దీనికోసం ఇన్ని తిప్పలు?" అన్నాడు నవాబు.

"రాకపోతే మాత్రం పాడుకానిస్తామా?"

సాయంత్రానికి పొట్ట తగ్గింది. నవాబు గిటారును పెట్టెలో పెడుతూ ఆగాడు.

"ఒక పని చెయ్యి. రెండు నెలలు నా అద్దాల బీరువాలో పెట్టు. భద్రంగా ఉంటాది. నువ్వు ఎండలో తిరిగే పని ఉండదు."

"వద్దొద్దు." పరంధామయ్య పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు.

నవాబు వింతగా చూశాడు.

"సరే, నీ ఇష్టం. ఇంకోసారి ఇంత ఉబ్బితే మాత్రం బ్రిడ్జి ఊడొస్తాది, చెక్క చీలతాది. అప్పుడు నేను చేసేది ఏమీ లేదు. నువ్వు ఈడికి తెచ్చే పనీ లేదు."

ఆ చివరి మాట దారంతా పరంధామయ్య వెంట నడిచింది.

ఆదివారం సాయంత్రం దీపం పెట్టి, ఏమడగాలో తెలియక దేవుడి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

తర్వాత తువ్వాలును బకెట్లో ముంచి, ఎప్పటికన్నా గట్టిగా పిండి, గిటారు మీద పరిచి పెట్టె మూసేశాడు.